తిట్టడానికైనా కంపెనీ మిగల్లేదు

లాన్సర్, సెడియా, పజెరో... మన తిరువళ్లూరు జిల్లాలో తయారైన మిత్సుబిషి బండ్లు. వాటిని ప్రాణంగా చూసుకున్నవాళ్లే వాటి కంపెనీని నోరారా తిట్టారు. ఆ కంపెనీ కాస్తా చేతులెత్తేశాక వాళ్ల మనసులో ఏం మిగిలింది?

తిరుత్తణిలో చెన్నై లోకల్ ఎక్కితే అరక్కోణం దాటాక తిరువాలంగాడు, మణవూరు, సెంజి పనంబాక్కం, ఆ తర్వాత కడంబత్తూరు వస్తాయి. కడంబత్తూరు పక్కనే అదిగత్తూరు. సుబ్రహ్మణ్యస్వామి కొండకు, వీరరాఘవస్వామి కోవెలకు, పళ్లిపట్టు మగ్గాలకు పేరుపడ్డ ఈ జిల్లాలో, 1998లో ఆ పల్లె పక్కన ఒక జపాన్ కారు తయారవడం మొదలైంది. తయారుచేసింది హిందుస్థాన్ మోటార్స్. అవును, అంబాసిడర్ కంపెనీయే. బిర్లాలు 1942లో పెట్టిన ఆ కంపెనీ జపాన్ మిత్సుబిషితో సాంకేతిక ఒప్పందం చేసుకుని, బెంగాల్లోని ఉత్తరపారా కాకుండా మన దగ్గర కొత్త ఫ్యాక్టరీ కట్టింది. మొదటి బండి పేరు లాన్సర్. పెట్రోలులో ఒకటిన్నర లీటరు ఇంజను, డీజిలులో రెండు లీటర్లు.

ఆ తర్వాత పజెరో వచ్చింది. 2006లో సెడియా వచ్చింది. ఔట్‌ల్యాండర్, 2012లో పజెరో స్పోర్ట్ వచ్చాయి. వాటిని కొన్నవాళ్లలో చాలామందికి కారు అంటే ఆఫీసుకు వెళ్లి వచ్చే సాధనం కాదు. అదొక వ్యసనం, సరదా, ఆదివారం పొద్దున్నే లేపే ఆకర్షణ. నగరి మీదుగా తిరుపతికి, అక్కడి నుంచి ఇంకెటైనా, పనేమీ లేకపోయినా నడపడానికే నడిపే మనుషులు. ఈ కథ వాళ్లది. ప్రేమించిన బండికీ, పట్టించుకోని కంపెనీకీ మధ్య ఇరవై ఏళ్లు నలిగి, చివరికి ఆ కంపెనీయే లేకుండా పోతే ఏమనుకోవాలో తెలియక నిలబడ్డవాళ్ల కథ.

ఎందుకంత మోజు?

లాన్సర్ మీద మోజు షోరూములో పుట్టలేదు. 1996 నుంచి 1999 దాకా వరుసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచిన ఫిన్లాండ్ డ్రైవర్ టామీ మాకినెన్ నడిపింది లాన్సర్ ఎవల్యూషనే. ఎడారి దారుల్లో జరిగే డకార్ ర్యాలీని పజెరో 12 సార్లు గెలిచింది. టీవీలో బురద చిమ్ముకుంటూ మలుపు తిరిగే ఆ బండి పేరే మన ఇంటి ముందున్న బండి మీదా ఉంటే, దాని ఇంజను చిన్నదైతేనేం, కుర్రవాడికి ఛాతీ ఉబ్బదా? సెడియా వచ్చాక ఆ పేరుకు తగ్గ బలమూ వచ్చింది. రెండు లీటర్ల ఇంజను, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. మన దేశపు ర్యాలీల్లో ఏళ్ల తరబడి సెడియాలే దుమ్ము రేపాయి.

పైగా ఇది వేగం రుచి ఎరిగిన జిల్లా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన షోళవరం రన్‌వే మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నడిపింది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో కారు పందెమంటే షోళవరమే. నాన్న భుజాల మీద కూర్చుని షోళవరం పందేలు చూసిన పిల్లలు పెద్దయ్యాక కొన్న బండ్లలో లాన్సర్ ఉండటంలో వింతేమీ లేదు. అదీ పొరుగూళ్లోనే తయారవుతోందాయె.

నడిపినవాళ్లు ఇప్పటికీ ఒకే మాట చెబుతారు. స్టీరింగ్ తిప్పగానే బండి మన మాట వింటుంది. క్లచ్చు, గేరు, రోడ్డు మూడూ చేతికీ కాలికీ తెలుస్తాయి. ఎత్తుపల్లాల దారిలో బరువు ఎటు వాలుతోందో నడుముకు తెలిసిపోతుంది. ఈ సుఖం రుచి చూసినవాడు మెత్తటి సోఫా లాంటి బండికి మారలేడు. ఈ అలవాటే వాళ్లను కంపెనీకి కట్టిపడేసింది.

సామాను రాలేదు సార్

మరి కంపెనీ ఏం చేసింది? షోరూములు తక్కువ, సర్వీసు సెంటర్లు ఇంకా తక్కువ. తిరుత్తణి, చిత్తూరు, పుత్తూరు వాళ్లు పెద్ద పనేదైనా పడితే బండిని చెన్నైకి తోలుకుపోవాల్సిందే. అక్కడా విడిభాగాల ధర చూస్తే గుండె గుభేలుమనేది. అదీ ఉంటేనే. ఈ బండ్ల చుట్టూ ఏ ఇద్దరు చేరినా మొదట బండిని పొగిడేవాళ్లు, ఆ వెంటనే సర్వీసును తిట్టేవాళ్లు. మన ప్రాంతపు షెడ్లలో అందరికీ తెలిసిన ఒక మాట ఉంది: "సామాను రాలేదు సార్, వచ్చే వారం చూద్దాం." ఆ వచ్చే వారం నెలలయ్యేది.

ఎందుకిలా జరిగిందని ఆలోచిస్తే నాకు తోచే కారణం ఒకటే. హిందుస్థాన్ మోటార్స్‌కు అంబాసిడర్ చెడ్డ అలవాటు నేర్పింది. అంబాసిడర్ ఆగిపోతే కంపెనీ దాకా ఎవరు వెళ్లారు? చెట్టు కింద స్పానర్ పట్టుకున్న ప్రతివాడూ దాన్ని విప్పి బిగించగలడు. దాని విడిభాగాలు ప్రతి టౌన్లో దొరికేవి. దేశమంతా దాని వర్క్‌షాపే. అమ్మేశాక కొన్నవాడి మొహం చూడాల్సిన అవసరం ఆ కంపెనీకి నాలుగు దశాబ్దాలు రాలేదు. లాన్సర్ అలాంటి బండి కాదు. దానికి శిక్షణ పొందిన మెకానిక్ కావాలి, కొలత తప్పని సామాను కావాలి, అది జపాన్ నుంచి వేళకు రావాలి. అమ్మాక మొదలయ్యే వ్యాపారం అది. అమ్మడంతో ముగిసే వ్యాపారానికి అలవాటుపడ్డ సంస్థ దాన్ని చేపట్టింది.

ఇంకో చిక్కు ఉంది. మిత్సుబిషి ఇక్కడ వాటాదారు కాదు, పేరూ సాంకేతికతా ఇచ్చిన సంస్థ మాత్రమే. కొన్నవాడికి బండి ముందు భాగంలో మెరిసే మూడు వజ్రాల గుర్తు కనిపిస్తుంది. గొడవ వచ్చినప్పుడు ఎదురయ్యేది బిర్లా కంపెనీ. అది జపాన్ నుంచి సరుకు రావాలంటుంది. జపాన్‌కు ఉత్తరం రాస్తే భారతదేశంలో మా భాగస్వామిని అడగమంటుంది. రెండు గుమ్మాలున్న ఇంటికి వెళ్లి ఏ గుమ్మం తట్టాలో తెలియక వెనుదిరిగినట్టు ఉండేది కొన్నవాడి పరిస్థితి.

ఆ జపాన్ గుమ్మం వెనక ఏం జరుగుతోందో 2000 సంవత్సరంలో ప్రపంచానికి తెలిసింది. తోక్యోలో రవాణాశాఖ తనిఖీ అధికారులు మిత్సుబిషి మోటార్స్ ప్రధాన కార్యాలయానికి వెళ్తే, వినియోగదారుల ఫిర్యాదుల ఫైళ్లు లాకర్ల గదిలో దొరికాయి. 1977 నుంచీ అదే తంతు. ప్రభుత్వానికి చూపించేవి కొన్ని, దాచేవి కొన్ని. బండ్లను బహిరంగంగా వెనక్కి పిలిపించకుండా లోపాయికారీగా బాగుచేసి పంపేవారు. కంపెనీ తప్పు ఒప్పుకుంది, అధ్యక్షుడు కత్సుహికో కవాసోయె రాజీనామా చేశాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ఇంకా దాచినవి బయటపడ్డాయి, పెద్దలు అరెస్టయ్యారు. 2016లో మైలేజీ లెక్కలు మార్చిన వ్యవహారం బయటికొచ్చి, చివరికి నిస్సాన్ 34 శాతం వాటా కొని ఆ కంపెనీని చేతిలోకి తీసుకుంది.

ఆ లాకర్ల గదిని తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఫిర్యాదు రాసేవాడు ఎవరు? బండి వదిలేయదలచినవాడు రాయడు, అమ్మేసి వేరేది కొనుక్కుంటాడు. ఇంకా ఆ బండితోనే బతకాలనుకునేవాడే కూర్చుని, ఛాసిస్ నంబరు వేసి, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ శబ్దం వచ్చిందో రాస్తాడు. అంత శ్రద్ధగా రాసిన కాగితాలను ఒక కంపెనీ ఉద్యోగుల బట్టల పక్కన దాచిపెట్టింది.

చావు కూడా సరిగ్గా చావలేదు

ఒక కంపెనీ కోర్టుకెక్కి దివాలా అని రాయించుకుంటే కనీసం ఒక తేదీ ఉంటుంది. హిందుస్థాన్ మోటార్స్‌ది అలాంటి మరణం కాదు. ఏళ్ల తరబడి నష్టాలు మూలధనాన్ని తినేశాయి, వ్యవహారం ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ బోర్డు దాకా వెళ్లింది. 2014 మే 24న ఉత్తరపారాలో పని ఆపేశారు. అంబాసిడర్ అక్కడితో సరి. అంతకు కొంచెం ముందే అదిగత్తూరు ఫ్యాక్టరీని అదే బిర్లా గ్రూపులోని ఒక ఫైనాన్స్ కంపెనీకి 150 కోట్లకు బదలాయించారు. మిత్సుబిషి బండ్ల వ్యాపారం ఆ కంపెనీ పేరు మీద ఈడ్చుకొచ్చింది. లాన్సర్, సెడియా అప్పటికే ఆగిపోయాయి. మిగిలిన పజెరో స్పోర్ట్ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి ఆగిపోయింది. వీడ్కోలు ప్రకటన లేదు, కొన్నవాళ్లకు ఇకపై ఎవరిని అడగాలో చెప్పే పెద్ద కబురూ లేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో బోర్డు దిగిపోయింది, అంతే.

అంబాసిడర్ పోయినప్పుడు దేశమంతా కంటతడి పెట్టింది. పత్రికలు సంపాదకీయాలు రాశాయి. లాన్సర్ పోయినప్పుడు ఎవరికీ తెలియలేదు, దాన్ని నడిపేవాళ్లకు తప్ప.

మొదట సంతోషం, ఆ తర్వాత?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పదేళ్లపాటు తనను తిప్పలుపెట్టిన కంపెనీ కూలిపోయిందని తెలిసిన రోజు ఒక మనిషి ఏమనుకుంటాడు?

మొదట ఊపిరి పీల్చుకుంటాడు. బాగా అయింది, వాళ్లకు కావలసిందే అనుకుంటాడు. అందులో తప్పేం లేదు. ముందు డబ్బు కట్టించుకుని సామానుకు నెలల తరబడి తిప్పినవాడికి, ఫోను ఎత్తనివాడికి, ఎత్తినా ఎగతాళిగా మాట్లాడినవాడికి దేవుడు లెక్క సరిచేశాడనిపించడం మానవ సహజం. నా అభిప్రాయంలో ఈ సంతోషానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

కానీ అది సాయంత్రం దాకా నిలవదు. ఇంటి ముందు బండి అలాగే నిలబడి ఉంటుంది. దాని బ్రేకు ప్యాడ్లు అరుగుతూనే ఉంటాయి. టైమింగ్ బెల్టు మార్చాల్సిన కిలోమీటర్లు దగ్గరపడుతూనే ఉంటాయి. నిన్నటిదాకా ఆలస్యంగానైనా, ఎక్కువ ధరకైనా సామాను ఇచ్చే ఒక చోటు ఉంది. ఈ రోజు అదీ లేదు. నిన్న నాసిగా ఉన్న సర్వీసు కూడా ఒక సర్వీసేనని అప్పుడు తెలిసొస్తుంది. సంతోషం స్థానంలో భయం వస్తుంది.

ఆ తర్వాత డబ్బు నష్టం. మూసేసిన కంపెనీ బండికి సెకండ్‌హ్యాండ్ బజార్లో రేటుండదు. కొన్న ధరలో పదో వంతు వస్తే గొప్ప. బ్రోకరు బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ కూడా ఎత్తకుండా తల అడ్డంగా ఊపుతాడు. బాగా నడిచే బండిని, మైనం పెట్టి తుడిచి పెట్టుకున్న బండిని అలా చూసి వెళ్లిపోతుంటే యజమానికి తన పెంపకాన్నే ఎవరో తక్కువ చేసినట్టుంటుంది.

అన్నిటికంటే గుచ్చుకునేది బంధువుల మాట. మన వైపు పెళ్లిళ్లలో, ఆడికృత్తికకు కొండ కింద కలిసినప్పుడు ఎవరో ఒకరు అననే అంటారు: "అప్పుడే చెప్పినా కదన్నా, మారుతి తీసుకోమని. విన్యావా?" ఇంకొకరు అందుకుంటారు: "ఇంకా ఆ బండే పెట్టుకోనుండావా మామా?" కంపెనీ చేసిన తప్పుకు కొన్నవాడి తెలివితేటల మీద తీర్పు పడుతుంది. ఇక్కడ ఒక విచిత్రం జరుగుతుంది. నిన్నటిదాకా కంపెనీని అందరికంటే ఎక్కువ తిట్టిన మనిషే ఈ మాట వినగానే దాని తరఫున వాదనకు దిగుతాడు. ఆ ఇంజను గురించి నీకేం తెలుసు, నూట ఇరవైలో స్టీరింగ్ ఎలా ఉంటుందో ఎప్పుడైనా పట్టుకున్నావా అంటూ గొంతు పెంచుతాడు. తిట్టే హక్కు తనది, కష్టపడి సంపాదించుకున్నది. బయటివాళ్లు తిడితే ఊరుకోడు.

దీన్నంతా దాటాక అడుగున తేలేది ఇంకొకటి. కోపానికి చిరునామా పోతుంది. కొన్నవాడి దగ్గర ఒక ఫైలు ఉంటుంది. బిల్లులు, జాబ్ కార్డులు, రాసిన ఉత్తరాల నకళ్లు, ఎప్పుడో వచ్చిన రెండు ముక్కల జవాబులు. ఆ ఫైలు పెట్టుకున్నది ఏదో ఒక రోజు ఒక పెద్దమనిషి ఎదుట కూర్చోబెట్టి, ఇదంతా విని, అవును తప్పు మాదే అంటాడన్న ఆశతో. కంపెనీ పోయిందంటే ఆ పెద్దమనిషి ఎప్పటికీ రాడు. గొడవ గెలవలేదు, ఓడలేదు, మధ్యలో ఆగిపోయింది. నష్టపోయిన డబ్బు కంటే దీన్ని మరిచిపోవడమే ఎక్కువ కష్టమని నాకనిపిస్తుంది. పోట్లాడటమంటే ఇంకా సంబంధం ఉన్నట్టే. అవతల మనిషి లేకుండా పోతే, మనసులో పేరుకుపోయిన మాటలన్నీ ఎక్కడ దించుకోవాలి?

తిరువళ్లూరు వాళ్లకు దీని మీద ఇంకో బరువు. ఈ కంపెనీ ఎక్కడో దూరాన లేదు. అందులో పనిచేసినవాళ్లు మన పక్క వీధుల్లో ఉన్నారు. ఒక ఇంట్లో తండ్రి లాన్సర్ బిగించిన చేతులవాడు, వీధి చివరింట్లో ఆ లాన్సర్ సర్వీసు కోసం తిట్టుకునే యజమాని. షాపు ఫ్లోర్లో డోరు బిగించిన కుర్రవాడికి సామాను ఎందుకు రాదో తెలియదు. అతని తప్పు అందులో ఏమీ లేదు. ముంబయిలోనో ఢిల్లీలోనో బండి కొన్నవాడు బాగా అయిందని హాయిగా అనుకోగలడు. ఇక్కడివాడికి ఆ వీలు లేదు.

పుదుప్పేట దారి

కంపెనీ పోయాక ఈ బండ్లవాళ్లకు దేవాలయం లాంటి చోటు చెన్నై పుదుప్పేట. ఎగ్మూరుకు దగ్గర్లో ఉన్న ఆ సందుల్లో పాత బండ్లను విప్పి ముక్కముక్కగా అమ్ముతారు. గోడలకు డోర్లు వేలాడుతుంటాయి. బంపర్లు చాపల్లా దొంతులు పెట్టి ఉంటాయి. ఆయిల్ ఇంకిన నేల నల్లగా మెరుస్తుంటుంది. సెడియా హెడ్‌లైటు కావాలంటే విరిగినదాన్ని తువాలులో చుట్టి తీసుకుని వెళ్లాలి. దుకాణదారు లోపలికెళ్లి రెండు తెస్తాడు. పక్కపక్కన పెట్టి చూడాలి: వెనక తగిలించే మూడు చెవుల్లో ఏ ఒక్కటి విరిగి ఉన్నా బానెట్ కింద నిలవదు. అద్దం ఎండకు పసుపెక్కి ఉంటుంది, అది పాలిష్ చేస్తే పోతుంది. లోపల తేమ చేరిందంటే మాత్రం వద్దు. చెవులు బాగుండి అద్దం పసుపెక్కినది దొరికితే అదే అదృష్టం. బేరం ముగిశాక తువాలులో ఈసారి అది చుట్టుకుని రావాలి.

ఆ హెడ్‌లైటు ఎక్కడిది? ఎక్కడో ఆగిపోయిన, గుద్దుకున్న, యజమాని విసిగి తూకానికి వేసిన ఇంకో సెడియాది. ఒక బండి నడవాలంటే ఇంకొకటి పోవాలి. కొంతమంది ముందుజాగ్రత్తగా నడవని రెండో బండిని కొని పెరట్లో పెట్టుకుంటారు, అందులోంచి ఒక్కో ముక్క తీసి ఇందులో వేస్తుంటారు. పజెరో వాళ్లకు ఇంకో దారి ఉంది, గల్ఫ్. అక్కడ పజెరోలు కొల్లలు, షార్జా పాత సామాన్ల బజారు పెద్దది. కడప, చిత్తూరు జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు తేగలిగిన చిన్న చిన్న వాటికి ఇక్కడ ఎదురుచూసే మనిషి ఉంటాడు. జపాన్ కంపెనీ, బిర్లా కంపెనీ ఇరవై ఏళ్లలో కట్టలేని సరఫరా దారిని కొన్నవాళ్లే కట్టుకున్నారు.

షెడ్లలోనూ అదే జరిగింది. సర్వీసు సెంటరు మూతపడ్డాక అందులో నేర్చుకున్న మెకానిక్కులు సొంతంగా చిన్న షెడ్లు వేసుకున్నారు. కంపెనీ ఉన్నప్పుడు ముడుచుకుపోయి మాట్లాడినవాళ్లు ఇప్పుడు యజమానికి నేరుగా ఫోను చేసి, ఈ సీలు వేరే బండిది సరిపోతుందన్నా, పట్టుకొస్తానంటున్నారు. కొన్నవాడు, బాగుచేసేవాడు కలిసి బండిని బతికిస్తున్నారు. ఇంతకాలం మధ్యలో అడ్డుగా నిలిచింది కంపెనీయేనా అన్న ప్రశ్న వేసుకోకుండా ఉండటం కష్టం.

చట్టం ఏ వరుసలో నిలబెట్టింది?

మనసు సంగతి అలా ఉంటే, చట్టం సంగతి చూడండి. 2016లో వచ్చిన దివాలా చట్టం ప్రకారం కంపెనీ మీద ప్రక్రియ మొదలవగానే దాని మీద నడుస్తున్న కేసులన్నీ ఆగుతాయి. వినియోగదారుల కమిషన్లో మీరు వేసిన కేసు కూడా అందులో చిక్కుకుంటుంది. ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు పంచేందుకు 53వ సెక్షన్ ఒక వరుస పెట్టింది. ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, కార్మికుల బకాయిలు, ఆ తర్వాత మిగతా ఉద్యోగులు, తాకట్టు లేని ఆర్థిక రుణదాతలు, ప్రభుత్వ బకాయిలు. వీటన్నిటి తర్వాత మిగతా బాకీలు అనే వరుసలో కొన్నవాడు నిలబడాలి. అక్కడిదాకా రూపాయి చేరడం అరుదు. కార్మికుడు ముందుండటం న్యాయమే, దానికి అభ్యంతరం లేదు. కానీ అపార్ట్‌మెంటు కొనేవాళ్లు గోల చేస్తే 2018లో వాళ్లను ఆర్థిక రుణదాతలుగా గుర్తించారు. బండి కొన్నవాడు, దానికి అయిదేళ్ల వారంటీకి ముందే డబ్బు కట్టినవాడు ఇంకా చివరి వరుసలోనే ఉన్నాడు.

వేరే దేశాల్లో ఇంతకంటే బాగా జరిగిన ఉదాహరణ ఉంది. స్వీడన్‌లో సాబ్ కార్ల కంపెనీ 2011 డిసెంబర్ 19న దివాలా తీసింది. అంతకు ముందు 2010 జనవరిలో దాన్ని కాపాడమంటూ అనేక దేశాల్లో యజమానులు తమ బండ్లు వరుస కట్టి ఊరేగారు. కంపెనీ నిలవలేదు. కానీ విడిభాగాల సంస్థ మాత్రం స్వీడన్ ప్రభుత్వం చేతికి వచ్చి, ఒరియో అన్న పేరుతో సామాను సరఫరా చేస్తూ పోయింది. కంపెనీ పోయినా బండి అనాథ కాలేదు. మన దగ్గర చూడండి: 2000 నవంబర్‌లో కొరియాలో దేవూ దివాలా తీసింది. దాని ఆస్తుల్లో ఎక్కువ భాగం జనరల్ మోటార్స్ కొన్నా మన సూరజ్‌పూర్ ఫ్యాక్టరీని తీసుకోలేదు. సీలో, మాటిజ్ కొన్న వేలమంది ఎవరికీ చెందనివాళ్లయ్యారు. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ మరైమలైనగర్‌లో తయారీ ఆపేస్తున్నట్టు చెప్పినప్పుడు కనీసం సర్వీసు, సామాను కొనసాగిస్తామని ప్రకటించింది. ఆ పాటి మర్యాద కూడా లాన్సర్ వాళ్లకు దక్కలేదు.

మన జిల్లాలోనే ఇంకో కథ ఉంది, అది చూస్తే కడుపు మండుతుంది. ఒకప్పుడు తిరువళ్లూరు జిల్లాలోనే ఉన్న తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారయ్యేది. ఆయిలు కారేది, కిక్కు కొడితే కాలు ఎగిరేది, యజమానులు తిట్టని తిట్టు లేదు. 2000లో దాని యజమానులైన ఐషర్ వాళ్లు దాన్ని మూసేసే ఆలోచన దాకా వెళ్లారు. కానీ ప్రతి ఊళ్లో బుల్లెట్ మెకానిక్ ఉండటం, సామాను చవగ్గా దొరకడం వల్ల తిట్టినవాళ్లే దాన్ని వదల్లేదు. ఐషర్ తరఫున సిద్ధార్థ లాల్ పగ్గాలు పట్టి ఆ తిట్లు విన్నాడు, బండి మార్చాడు. ఇప్పుడది ప్రపంచమంతా అమ్ముడుపోతోంది. లాన్సర్‌కు అంతటి ప్రేమే ఉంది. వినే చెవి ఒక్కటే కరువైంది.

అదిగత్తూరులో ఇప్పుడు

ఫ్యాక్టరీ ఖాళీగా లేదు. 2013లో ఇసుజు తన బండ్లను ఇక్కడ బిగించడానికి హిందుస్థాన్ మోటార్స్‌తో ఒప్పందం చేసుకుంది. 2016లో సొంత ఫ్యాక్టరీ కట్టుకుని శ్రీసిటీకి వెళ్లిపోయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చినప్పుడు, బదులుగా ఆంధ్రకు వెళ్లిన సత్యవేడు ప్రాంతమే ఇప్పటి శ్రీసిటీ చోటు. సరిహద్దు గీతకు అటూ ఇటూ ఊళ్లు మారినట్టే కార్లూ మారాయి. 2017లో ఫ్రాన్స్ కంపెనీ పీఎస్‌ఏ బిర్లాలతో చేయి కలిపింది. 2021లో ఆ గ్రూపు సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్, మరుసటి ఏడు సీ3 ఇక్కడే తయారై బయటికి వచ్చాయి. ఇదే ఫ్రెంచి గ్రూపు 1990లలో ప్యూజో 309తో ముంబయి దగ్గర కల్యాణ్‌కు వచ్చి, ఆ దశాబ్దం ముగియకముందే వెళ్లిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు ప్యూజో పేరు తేలేదు.

కొత్త బండి కొనబోయే మా ఊరి కుర్రాళ్లు షోరూములో మైలేజీ అడుగుతారు, టచ్‌స్క్రీన్ సైజు అడుగుతారు. పాత సెడియా వాళ్లను వెంట తీసుకెళ్లమని నా మాట. వాళ్లు అడిగేవి వేరు: హెడ్‌లైటు ధరెంత, ఇప్పుడు గోడౌన్లో ఎన్ని ఉన్నాయి, మీరు వెళ్లిపోతే నాకెవరు ఇస్తారు? కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, కంపెనీలు మరమ్మతు వివరాలు అందులో పెట్టాలని కోరింది. మంచి మొదలే, కానీ అది బతికున్న కంపెనీల వ్యవహారం. వెళ్లిపోయే కంపెనీ సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

ఈలోగా పాత మిత్సుబిషి బండ్ల వయసు పెరుగుతోంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ తిరగరాయించుకోవడానికి 2022 ఏప్రిల్ నుంచి 600 ఉన్న రుసుము 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. అయినా టీఎన్ 20 నంబరు ప్లేటున్న లాన్సర్లు ఫిట్‌నెస్ కోసం వరుసలో కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ బండ్లవాళ్లు ప్రభుత్వాన్ని అడగాల్సింది పెద్ద విషయమేమీ కాదు. దేశం వదిలే, మూతపడే బండ్ల కంపెనీ బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, లైట్లు, సీళ్ల డ్రాయింగులను ప్రభుత్వానికి అప్పగించాలి. అమ్మిన ప్రతి బండి మీద కొంత సొమ్ము విడిభాగాల పూచీకి ముందే పక్కన పెట్టించాలి. ఆ డ్రాయింగులు చేతికొస్తే తయారుచేసేవాళ్ల కోసం జపాన్ దాకా వెళ్లే పని లేదు. రబ్బరు, రేకు, ప్లాస్టిక్ పని చేసే చిన్న యూనిట్లు అంబత్తూరులో ఉన్నాయి, గుమ్మిడిపూండిలో ఉన్నాయి, అదిగత్తూరు ఫ్యాక్టరీకి దగ్గర్లోనే కక్కలూరు ఎస్టేట్లోనూ ఉన్నాయి.